హెండ్రె ఇంటి పాట

మా కొండల్లో మనిషిని ఇంటిపేరుతో పిలిచి లాభం లేదు. ఉన్న నాలుగైదు ఇంటిపేర్లనే లోయంతా సర్దుకుంటోంది. పొలం పేరు చెబితేనే మనిషి ఆనవాలు దొరుకుతుంది. అలా ఆవిడ హెండ్రె బెత్సన్. నలభై దాటాయి. పొడుగాటి మనిషి, ఎర్రటి చేతులు, మాట కటువు, పాట మాత్రం మెత్తన. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, "అడిగినవాడికి గొంతు లేదు, గొంతున్నవాడు అడగలేదు" అనేది. అది సగమే నిజం. తల్లి కాట్రిన్ పోయాక తండ్రినీ తమ్ముణ్ణీ కనిపెట్టుకుని ఉండడంలోనే ఆవిడ వయసు గడిచిపోయింది. ఆ సంగతి ఆవిడ కూడా ఆలస్యంగానే గమనించింది.

తండ్రి ఇథెల్. తమ్ముడు మోరిస్. ఈ ముగ్గురూ కలిస్తే ఒక పాట. ఇథెల్‌ది కింది గొంతు, మోరిస్‌ది పైది, బెత్సన్‌ది ఆ రెంటి మధ్య దారి. ఏడాదంతా గొర్రెల గురించీ వానల గురించీ పోట్లాడుకునే ఆ ఇల్లు, క్రిస్మస్ తెల్లవారుజామున చర్చిలో నిలబడితే మాత్రం ఒకే ఊపిరి తీసేది.

ఆ తెల్లవారుజాము పాటల్ని మేం ప్లగైన్ అంటాం. పాదిరి గారు చిన్న ప్రార్థన చేసి, ఇక మీదే అని తప్పుకుంటారు. ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కొవ్వొత్తుల వెలుతుర్లో ఒక్కో ఇంటివాళ్ళు లేచి ముందుకి వెళ్ళి, తమ పాట పాడి, వచ్చి కూర్చుంటారు. చప్పట్లుండవు. ఒకసారి పాడిన పాట ఆ పూట మళ్ళీ వినపడకూడదు. ఏ ఇంటి పాట ఆ ఇంటిదే, తాతల నాటిది. దాన్ని పొరుగువాడు ఎత్తుకోవడం, పొరుగింటి కంచంలో చెయ్యి పెట్టడంతో సమానం. ఎప్పుడైనా ఫలానా పాట ఎవరిదని తగువొస్తే మా లోయ వాళ్ళు పాదిరి గారిని కాదు, హెండ్రె ఇథెల్‌ని అడిగేవాళ్ళు. ఆయన చెప్పిందే తీర్పు.

అలాంటి ఇథెల్ ఆ క్రిస్మస్‌కి చేసిన పని ఇది. పెద్ద యుద్ధం ముగిసి పన్నెండేళ్ళు దాటింది, ఉన్ని ధర పాతాళానికి పడిపోయింది, మంచు మాత్రం ఎప్పట్లాగే మోకాలి లోతున ఉంది. హెండ్రె వాళ్ళ వంతొచ్చింది. ఇథెల్ ట్యూనింగ్ ఫోర్కుని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముగ్గురికీ శ్రుతి అందించాడు. బెత్సన్ ఊపిరి తీసుకుంది. తండ్రి నోటి వెంట మొదటి మాట వచ్చింది. అది హెండ్రె పాట కాదు. కొండ కింది పొలం గార్త్ వాళ్ళ పాట.

బెత్సన్ బెంచీల వైపు చూసింది. గార్త్ ఈనోక్, ఆయన కొడుకులిద్దరూ రెండో వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళింకా పాడలేదు. ఆపితే తండ్రి నలుగురిలో నవ్వులపాలు. ఆపకపోతే దొంగతనం. ఆలోచించుకోవడానికి ఒక్క శ్వాసంత వ్యవధి కూడా లేదు. ప్రతి క్రిస్మస్‌కీ విన్న పాటే గనక మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆవిడ తండ్రితో గొంతు కలిపింది. మోరిస్ బిత్తరపోయి అక్క వైపు చూసి, తనూ కలిపాడు. చివరి చరణం దాకా పాడారు. బాగా పాడారు కూడా, అదే దరిద్రం.

గార్త్ వాళ్ళ వంతు వచ్చింది. ఎవరూ లేవలేదు. వాళ్ళకి వేరే పాటలు లేక కాదు. కాసేపటికి ఈనోక్ లేచి, కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చే దారిలో ఇథెల్ హుషారుగా ఉన్నాడు. "ఈనోక్ ఇవాళ పాడలేదేమే? గొంతు పట్టేసిందా?" అని కూతుర్ని అడిగాడు.

"అయ్యుంటుంది నాన్నా" అంది బెత్సన్. అప్పటికి ఆవిడకి అంతా అర్థమైంది. శరదృతువు నుంచీ చిన్నచిన్నవి కనబడుతూనే ఉన్నాయి. టీ తాగి మళ్ళీ టీ అడగడం, పెంపుడు కుక్క మోట్‌ని చచ్చిపోయిన పాత కుక్క పేరుతో పిలవడం. ముసలితనం అనుకుని సర్దుకుంది. ఇది అది కాదు.

ఆ మధ్యాహ్నం తండ్రి కుర్చీలో కునుకు తీస్తుంటే వంటింట్లో అక్కాతమ్ముళ్ళు గొంతు తగ్గించి కొట్లాడుకున్నారు.

"వెళ్ళి చెప్పేద్దామక్కా. పెద్దాయనకి మతి నిలవట్లేదని చెబితే ఈనోక్ బాబాయ్ అర్థం చేసుకోడా?"

"చెప్పు. రేపు సంతలో అందరూ నాన్న భుజం తట్టి చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఎల్లుండి ఎవడో పుణ్యాత్ముడు డాక్టర్ని పంపుతాడు. ఆ పైన పిచ్చాసుపత్రి బండి వస్తుంది. అందులో ఎక్కినవాళ్ళెవరైనా తిరిగొచ్చారట్రా?"

"మరి దొంగ అంటారు."

"అననీ. దొంగ అంటే మగాడి కింద లెక్క. మతి పోయిందంటే సామాను కింద లెక్క. నువ్వు నోరు మూసుకుని ఉండు."

మోరిస్ నోట్లో నాలుక లేనివాడు. మూసుకునే ఉన్నాడు. అలా ఆ ఏడు హెండ్రె ఇంట్లో ఆ గుట్టు నాలుగో మనిషిలా వాళ్ళతో పాటు కూర్చుని తినడం మొదలుపెట్టింది.

లోయ ఊరుకుంటుందా. కంచే చేను మేసిందన్నారు. ఇథెల్ గర్వం నెత్తికెక్కిందన్నారు. గార్త్ నుంచి మాట రాలేదు. అదే ఎక్కువ భయం. ఈనోక్ దారిలో ఎదురైతే గోడ అవతల గొర్రెల్ని చూసుకునేవాడు, అక్కడ గొర్రెలున్నా లేకపోయినా. ఇథెల్ మాత్రం చెయ్యెత్తి పలకరించేవాడు. బదులు రాకపోతే, "చెవుడొచ్చింది పాపం" అని జాలిపడేవాడు.

మంచు కరిగి గొర్రెలు ఈనే రోజులు వచ్చాయి. అక్కడ ఇథెల్ ఇథెలే. చేతులకి ఏదీ మరుపు రాలేదు. అడ్డం తిరిగిన పిల్లని నెమ్మదిగా సరిచేసి బయటికి తీసి, గడ్డితో రుద్ది, తల్లి ముక్కు ముందు పెట్టేవాడు. అదే చేతులు ఇంటికొచ్చి చెంచా ఎటు పట్టుకోవాలో తెలియక బల్ల మీద ఆగిపోయేవి. బెత్సన్ చెంచా అందించేది, అందించినట్టు కనబడకుండా.

ఆ వసంతమంతా కొండ మీద పొగమంచు ఆలస్యంగా విడిచేది. పొద్దున్న తలుపు తీస్తే గోడా లేదు, గేటూ లేదు, ఎక్కడో గొర్రె దగ్గు మాత్రం వినిపించేది. ఇథెల్ ఆ తెల్లదనంలోకి చూస్తూ గుమ్మంలో నిలబడి, తనకి కనిపిస్తున్నవాళ్ళతో మాట్లాడేవాడు. మొదట్లో బెత్సన్ సరిదిద్దేది. వాళ్ళు లేరు నాన్నా, పోయి చాలా కాలమైంది అని. చెప్పిన ప్రతిసారీ ఆయన అప్పుడే ఆ కబురు విన్నట్టు కుమిలిపోయేవాడు. ఒకే చావుకి మనిషిని ఎన్నిసార్లు ఏడిపిస్తాం? మానేసింది.

మానేశాక వింతగా ఆవిడకి ఒక తలుపు తెరుచుకుంది. ఒక సాయంత్రం ఆయన ఆవిడని కాట్రిన్ అనుకున్నాడు. "నీ జడలో గడ్డి పరక ఉంది, మీ నాన్న చూశాడంటే నన్ను కొడతాడు" అన్నాడు, ముసిముసిగా నవ్వుతూ. బెత్సన్ చెయ్యి తనకి తెలియకుండానే జుట్టు మీదికి వెళ్ళింది. తను పుట్టకముందు తల్లి నవ్వేదని, ఎండుగడ్డి వాములో ఆలస్యం చేసేదని, ఆవిడకి అంతవరకూ తెలియదు. ఆ రోజుల్లోకి ఆవిడ పిలవని చుట్టంలా వెళ్ళి కూర్చునేది. మీగడ చిలుకుతుంటే కవ్వం చప్పుడులో తండ్రి కింది గొంతు వినిపించేది, ఆయన పొలంలో ఉన్నా సరే. ఏది ఈ ఏడు, ఏది ఆ ఏడు అన్నది ఆవిడకి కూడా ఒక్కోసారి తెలిసేది కాదు. సంతోషంగానే ఉండేది, సిగ్గుపడుతూ.

జూన్‌లో ఉన్ని కత్తిరింపు. మా దగ్గర ఏ పొలానికి ఏ రోజో తరాల కిందటే ఖాయమైపోయింది. ఆ రోజుకి చుట్టుపక్కల అందరూ బదులుపనికి రావాలి. రాకపోవడమంటే తెగతెంపులే. హెండ్రె రోజుకి గార్త్ నుంచి ఒక్క కత్తెర కూడా రాలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు గానీ నోళ్ళు కూడా తెచ్చుకున్నారు.

"ఇథెల్ అన్నా, ఆ గొర్రె చెవికి ఏ ఇంటి గుర్తు కోసి ఉందో చూసుకున్నావా? మీదేనా, గార్త్ వాళ్ళదా?" అన్నాడొకడు.

"పాటకి చెవి గుర్తు ఉండదు కదా, అదే చిక్కు" అన్నాడింకొకడు. బెంచీల మీద నవ్వులు దొర్లాయి. ఇథెల్ కూడా వాళ్ళతో పాటు నవ్వాడు, కళ్ళలో ఏ నీడా లేకుండా. ఆ నవ్వు చూసి బెత్సన్ లోపలికి వెళ్ళింది. గొర్రె మాంసం చారు గిన్నె తెచ్చి వాళ్ళ మధ్య దభీమని పెట్టింది.

"తినండి. నోటికి పని ఉంటే చేతులూ బాగా ఆడతాయి."

ఎండుగడ్డి కోత అయింది. కొండ మీద నల్ల పళ్ళు కోసి పెదాలు ఊదారంగు చేసుకునే కాలం అయింది. ఫెర్ను ఆకు ఎర్రబారింది. అక్టోబరులో ఒక సాయంత్రం పాలు పితికే వేళకి ఇథెల్ కనబడలేదు. మోరిస్ వాగు వైపు పరిగెత్తాడు. కుక్క మోట్ మాత్రం తోవ తప్పకుండా కిందికి, గార్త్ వైపుకి దిగింది. బెత్సన్ దాని వెనక నడిచింది. తొమ్మిది నెలలుగా ఆ గేటు తీయలేదు.

గార్త్ ఆవుల కొట్టంలో లాంతరు వెలుగుతోంది. ఈనోక్ భార్య లౌరి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. లోపల ఇథెల్ ముక్కాలిపీట మీద కూర్చుని, ఆవు డొక్కకి తల ఆనించి పాలు పితుకుతున్నాడు. పితుకుతూ పాడుతున్నాడు. ఆ పాటే.

బెత్సన్‌ని చూసి లౌరి పక్కకి జరిగింది. "రా. నేను చీకటిపడుతుంటే వచ్చేసరికి ఉన్నాడు. ఆ ఆవు నా చేతికి ఎప్పుడూ అన్ని పాలివ్వలేదు."

ఇథెల్ తల తిప్పి లౌరితో, "అమ్మగారూ, ఈనోక్ ఇంకా కిందికి రాలేదేం? అయ్యగారు పాట నేర్పుతానన్నారు. ఆలస్యమైతే తిడతారు" అన్నాడు.

లౌరి తడుముకోలేదు. "వస్తాడు నాయనా, నువ్వు కానియ్యి" అంది. తరవాత బెత్సన్ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. "మా అత్తగారనుకుంటున్నాడు నన్ను. నీకు తెలుసు కదే, మీ నాన్న ఈ ఇంట్లో పాలేరుగా పెరిగాడు. ఈయనా మా ఆయనా ఇదే కొట్టంలో మా మామగారి దగ్గర ఆ పాట నేర్చుకున్నారట. మీ అమ్మని చేసుకుని హెండ్రెకి ఇల్లరికం వెళ్ళాక మీ తాత పాట పట్టుకున్నాడు. ఇది మళ్ళీ నోట రానివ్వలేదు, మర్యాద తెలిసినవాడు గనక. అందుకే మా ఆయనకి అంత మంట. అన్నం పెట్టిన ఇంటికే కన్నం వేశాడంటాడు." గొంతు తగ్గించి అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

బెత్సన్ చెప్పింది. ఇన్ని నెలలూ పళ్ళ బిగువున దాచిందంతా ఆ కాస్త అడిగేసరికి బయటికొచ్చింది. ఏడ్చింది కూడా. ఆ పైన ముక్కు తుడుచుకుని, "బాబాయ్‌కి చెప్పొద్దు పిన్నీ" అంది.

"నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు" అంది లౌరి.

ఆ మాట బెత్సన్‌కి నవంబరంతా ముల్లులా గుచ్చుకుంది. రెండు మూడుసార్లు గార్త్ గేటు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసేది, తండ్రి ఆ ఆసుపత్రి బండెక్కుతున్నట్టు కనిపించేది, వెనక్కి తిరిగేది. డిసెంబరు వచ్చింది. తండ్రిని ఇంట్లో వదిలి వెళ్దామని మోరిస్ అన్నాడు. బెత్సన్ సరేనంది. కానీ క్రిస్మస్ నాడు చీకటితోనే లేచి కిందికి వచ్చేసరికి ఇథెల్ నల్లకోటు తొడుక్కుని, బొత్తాలు ఒకటి కిందికీ ఒకటి పైకీ పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నా ఫోర్కేదే?" అన్నాడు.

ఏ రోజో, ఏ ఏడో ఆయనకి తెలియదు. పాడాలని మాత్రం తెలుసు. బెత్సన్ బొత్తాలు సరిచేసి, సొరుగులోంచి ఫోర్కు తీసి ఆయన చేతిలో పెట్టింది.

చర్చి నిండిపోయింది. గార్త్ వాళ్ళు రెండో వరసలోనే ఉన్నారు. హెండ్రె వాళ్ళు లేవగానే బెంచీల మీద చిన్న కదలిక. ఇథెల్ ఫోర్కుని మోకాలికి తట్టాడు. శ్రుతి అందించాడు. బెత్సన్ ఆయన పెదాలే చూస్తోంది. మొదటి మాట వచ్చింది. గార్త్ పాట.

మోరిస్ నోరు తెరిచాడు, అలవాటుగా. బెత్సన్ అతని మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఈసారి ఆవిడ గొంతు కలపలేదు. కలిపితే దొంగతనం కప్పిపుచ్చడమే. కలపకపోతే నిజం అందరి ముందూ నిలబడుతుంది. నిలబడనీ అనుకుంది. గేటు దగ్గర చెప్పలేనిది ఇక్కడ నోరు మూసుకుని చెప్పింది.

ఇథెల్ ఒక్కడే పాడుతున్నాడు. పై గొంతులు లేని కింది గొంతు, పాటలా లేదు, ఎవరో చీకట్లో దారి తడుముకుంటున్నట్టుంది. మధ్యలో ఆగి, తనకి పక్కన ఉండాల్సినవాళ్ళ కోసం ఎడమా కుడీ చూశాడు. కొడుకునీ కూతుర్నీ చూశాడు, వాళ్ళు కాదన్నట్టు చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నాన్నా, నన్ను క్షమించు అనుకుంది బెత్సన్.

రెండో వరసలో బెంచీ కిర్రుమంది. ఈనోక్ లేచాడు. పోయినేటిలాగే తలుపు వైపు వెళ్తాడనుకున్నారంతా. వెళ్ళలేదు. ముందుకి నడిచి వచ్చి ఇథెల్ పక్కన, ఎడమ వైపున నిలబడ్డాడు.

"ఎక్కడికి పోయావురా ఇంతసేపూ?" అన్నాడు ఇథెల్, గొంతు తగ్గించకుండానే. "అయ్యగారు చూస్తున్నారు."

ఈనోక్ ముసలి మొహం ఒక్క క్షణం పట్టుతప్పింది. "ఆలస్యమైందిలే. నువ్వు కిందిది పట్టుకో, నేను పైది పాడతా" అన్నాడు. కొడుకుల వైపు చూసి తలాడించాడు. వాళ్ళూ వచ్చి నిలబడ్డారు. మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. ఇప్పుడది దొంగపాట కాదు. గార్త్ పాట గార్త్ వాళ్ళు పాడుతున్నారు, వాళ్ళ పాత పాలేరు కింది గొంతు పడుతున్నాడు, అంతే. లౌరి చేతుల్లో మొహం దాచుకుంది.

పాట అయింది. ఈనోక్ వెళ్ళి కూర్చున్నాడు. ఇథెల్ కూడా అతని వెనకే వెళ్ళి గార్త్ బెంచీలో కూర్చున్నాడు, ఫోర్కుతో సహా. ముందర అక్కాతమ్ముళ్ళిద్దరే మిగిలారు.

వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. మోరిస్ కాలు కదిపాడు కూడా. "నిలబడు" అంది బెత్సన్. శ్రుతి పట్టడానికి ఏమీ లేదు. కళ్ళు మూసుకుంది. ఏడాది పొడుగునా కవ్వంలో విన్న ఆ కింది గొంతు కోసం లోపల వెతికింది. దొరికింది. దాని మీద నిలబడి తన స్వరం తీసుకుని, తమ్ముడిది తమ్ముడికి ఇచ్చింది. హెండ్రె పాట రెండు గొంతులతో సాగింది. కింది గొంతు ఒక్కటే పాడాల్సిన చోట ఇద్దరూ ఆగి, అది అయిపోయేదాకా ఓపిక పట్టి, మళ్ళీ ఎత్తుకున్నారు. ఆ ఖాళీలో ఏముండాలో చర్చిలో అందరికీ తెలుసు, ఒక్కరికి తప్ప.

తిరిగి వెళ్ళేటప్పుడు ఈనోక్ చర్చి గేటు దాకా వచ్చాడు. "కొత్త సంవత్సరం వచ్చాక మీ నాన్నని అప్పుడప్పుడు పంపించమ్మాయ్. మా ఆవు దిగులు పెట్టుకుందని లౌరి ఇప్పుడే చెప్పింది" అన్నాడు. అంతకు మించి ఆయన వల్ల కాదు. బెత్సన్‌కి అంత చాలు.

కొండ ఎక్కుతుంటే తూర్పున తెలుపు వచ్చింది. ఇథెల్ మధ్యలో, పిల్లలిద్దరూ చెరోపక్కా. సగం దారిలో ఆయన అడిగాడు.

"చివర్లో పాడిన ఆ ఇద్దరూ ఎవరమ్మాయ్?"

"హెండ్రె వాళ్ళు" అంది బెత్సన్.

"బాగా పాడారు. పాట కూడా మంచిది, నేనెప్పుడూ వినలేదు. కింది గొంతు ఒక్కటే తక్కువైంది. ఆ ఇంట్లో ఎవరూ లేరా?"

మోరిస్ మొహం అటు తిప్పుకున్నాడు.

"ఉన్నాడు. ఇవాళ పొరుగింటికి వెళ్ళాడు" అంది బెత్సన్.

ఇథెల్ గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళకి అభ్యంతరం లేకపోతే నేను పాడతాను. నా గొంతు పరవాలేదు. ఎవరైనా నేర్పాలి, అంతే."

బెత్సన్ దారిలో ఆగిపోయింది. తన చిన్నప్పుడు ఇదే దారిలో, ఇదే మంచులో, ఆ పాటని ఆయన తనకి ఒక్కో మాటా నేర్పాడు. తప్పు పాడితే చెవి మెలిపెట్టేవాడు. ఆవిడ తన గొంతుని దిగగలిగినంత కిందికి దింపి, కింది గొంతు మొదటి వరస పాడింది. ఆయన శ్రద్ధగా విని అప్పజెప్పాడు. ఒక చోట తప్పాడు. ఆవిడ మళ్ళీ పాడింది.

హెండ్రె గేటు చేరేసరికి మొదటి వరస వచ్చేసింది. మర్నాటికి మరిచిపోయాడు. బెత్సన్ మళ్ళీ మొదటి నుంచి నేర్పింది.